అక్వేరియంలో తక్కువ ఖర్చు గ్రావెల్: ఏ రాయి వేయొచ్చు, ఏది వేయకూడదు, ఎంత వేయాలి

మీరు అడిగింది ఇది: 60×30×36 సెం.మీ. తొట్టి, అందులో ఆరు కోరీడోరస్‌లు (అడుగున తిరిగే మీసాల చేపలు), పది నియాన్ టెట్రాలు. అడుగున ఉన్న నీలం రంగు రాళ్లు తీసేసి సహజమైన గ్రావెల్ వేయాలి, వేళ్లతో పెరిగే మొక్కలు నాలుగైదు నాటాలి. అక్వేరియం ప్యాకెట్ల ఖరీదు ఎక్కువ కాబట్టి బయట దొరికే చిన్న రాళ్లు వాడొచ్చా, ఏ సైజు, ఎన్ని కిలోలు, ఎలా కడగాలి, నీళ్లు చెడతాయా, చేపలు ఉండగానే మార్చొచ్చా అని.

వాడొచ్చు. ప్యాకెట్లలో వచ్చే సాదా గ్రావెల్ కూడా చాలామటుకు నది గులకో, పలుగురాయో. చూడాల్సినవి మూడే: రాయి నీటిలో కరగకూడదు, అంచులు గుచ్చుకోకూడదు, గింజలన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి. ఈ మూడూ కుదిరి, తక్కువ ఖర్చులో దొరికేది నీటి ఫిల్టర్లలో నింపే పలుగు గులక. ఈత కొలనుల ఇసుక ఫిల్టర్లకూ నీటి శుద్ధి ప్లాంట్లకూ సరఫరా చేసేవాళ్లు దీన్ని 0.5–1, 1–2, 2–4, 4–8 మి.మీ. అని గ్రేడులుగా జల్లించి బస్తాల్లో అమ్ముతారు. మీ తొట్టికి 1–2 మి.మీ. గ్రేడు తీసుకోండి. ముందువైపు 3 సెం.మీ., వెనక 6 సెం.మీ. మందంతో పరిస్తే 12–13 కిలోలు పడుతుంది. కడుగుడులో పోయేది కూడా కలుపుకుని 15 కిలోలు కొంటే చాలు.

ఇళ్లు కట్టే సామగ్రి దుకాణంలో దొరికేది కూడా పనికిరాదని కాదు. కాకపోతే అక్కడ కుప్పలో ఏ రాయి ఉందో అమ్మేవాడికే తెలియదు. నది గులక అని చెప్పి ఇచ్చినదాంట్లో సున్నపురాయి ముక్కలు, గవ్వ పెంకులు, సిమెంటు ఉండలు కలిసే ఉంటాయి. క్రషర్‌లో పగలగొట్టిన కంకర చిప్స్ అయితే రాయి గ్రానైటే కావచ్చు, నీటికి ఏ హానీ చేయదు. కానీ అంచులు కత్తిలా ఉంటాయి. కోరీడోరస్ మీసాలతో అడుగంతా తడుముతూ తిరిగే చేప. అలాంటి రాయి మీద కొన్ని నెలలు తిరిగితే, పైగా అడుగున మురికి కూడా పేరుకుంటే, మీసాలు అరిగి మొండిగా మిగులుతాయి. గుప్పెడు తీసుకుని రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి. చేతికి గుచ్చుకుంటే కోరీడోరస్‌కీ, అలాగే అడుగున తిరిగే లోచ్ చేపలకీ వద్దు. క్రషర్ ఇసుకకూ ఇదే మాట వర్తిస్తుంది.

రాయి కరిగేదో కాదో ఎలా తెలుసుకోవాలి

భయపడాల్సింది కాల్షియం కార్బొనేట్ గురించి: సున్నపురాయి, పాలరాయి, పగడపు ముక్కలు, గవ్వలు, ఆల్చిప్పలు. ఇవి నీటిలో మెల్లగా కరిగి గట్టిదనాన్ని (కాల్షియం లాంటి ఖనిజాలను), కేహెచ్‌ని (నీటిలో కార్బొనేట్ ఎంతుందో చెప్పే కొలత), పీహెచ్‌ని (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) పెంచుతాయి. నియాన్ టెట్రాలకు మెత్తని నీరు, తటస్థం నుంచి కొంచెం ఆమ్లం వైపు ఉన్న పీహెచ్ నప్పుతుంది. మీరు నీరు మార్చిన ప్రతిసారీ అడుగునున్న రాయి దాన్ని మళ్లీ పైకి లాగుతుంటే ఆ చేపలకు నిలకడ ఉండదు.

మొదటి పరీక్ష గీత. తెల్లరాయి విషయంలో ఇదే తొందరగా తేలుస్తుంది. పలుగురాయి గాజుకంటే గట్టిది, పనికిరాని గాజు ముక్క మీద నొక్కి గీస్తే గాటు పడుతుంది. పాలరాయి, సున్నపురాయి గాజును గీయలేవు, పైగా మామూలు స్టీలు చాకుతోనే వాటి మీద గీత పడుతుంది. కుప్పలోంచి ఒకే రాయి తీసి పరీక్షిస్తే సరిపోదు. రంగుకు మూడు నాలుగు చొప్పున ఏరండి.

రెండోది వెనిగర్. ఇక్కడ చాలామంది పొరపడతారు. పొడి రాయి మీద ఏ ద్రవం పోసినా దాని రంధ్రాల్లో ఉన్న గాలి బుడగలుగా వస్తుంది, అది చూసి మంచి రాయిని పారేస్తారు. అందుకే ముందు రాయిని పావుగంట మంచినీళ్లలో నానబెట్టండి. బయటికి తీసి, చాకుతో కొంచెం గీకి, పొడి రాలిన ఆ చోటే వెనిగర్ చుక్కలు వేయండి. సున్నం ఉంటే ఒకే చోటునుంచి సన్నని బుడగలు ఆగకుండా వరుసగా లేస్తాయి, చెవి దగ్గర పెడితే చిటపటమని వినిపిస్తుంది. అక్కడక్కడా ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోతే అది గాలే. వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం లోపే ఉంటుంది కాబట్టి డోలమైట్ లాంటి రాయి దానికి లొంగదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్ చుక్క వేస్తే, అదీ గీకిన పొడి మీద, తేలుతుంది. ఆ పని ఆరుబయట, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకునే చేయాలి. పరీక్షించిన రాళ్లు తిరిగి కుప్పలో కలపకండి. ఆమ్లం వాడిన చోట బ్లీచ్ వాడొద్దు, వెనిగర్‌తో సహా. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

మూడోది బకెట్ పరీక్ష. పై రెండింటికంటే నేను నమ్మేది దీన్నే, ఎందుకంటే ఒక్క రాయిని కాకుండా మొత్తం సరుకును చూస్తుంది. బాగా కడిగిన గ్రావెల్ 1 కిలో ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి, 2 లీటర్లు ఆర్వో లేదా డిస్టిల్డ్ నీళ్లు పోయండి. పక్కన ఇంకో డబ్బాలో అవే నీళ్లు రాళ్లు లేకుండా పెట్టండి. రెంటికీ మూతలు. రోజుకోసారి కలిపి, 7 రోజుల తర్వాత రెండింట్లోనూ టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం పదార్థాల కొలత), కేహెచ్ కొలవండి. పీహెచ్‌ని నమ్ముకోవద్దు. లవణాలు లేని నీటిలో పీహెచ్ గాలికే అటూ ఇటూ ఊగుతుంది, అంకెకు అర్థం ఉండదు. కేహెచ్ ఒక డిగ్రీ, అంటే సుమారు 18 పీపీఎం, పెరిగినా ఆ సరుకులో సున్నం ఉన్నట్టే. టీడీఎస్ మాత్రం పది ఇరవై పెరిగి, కేహెచ్ కదలకపోతే అది దుమ్మూ, మిగిలిన ఉప్పూ కావచ్చు. ఇంకోసారి కడిగి కొత్త నీళ్లతో మళ్లీ వారం పెట్టండి. రెండోసారి పెరుగుదల పడిపోతే దిగుల్లేదు, అంతే పెరిగితే ఆ రాయి కరుగుతోంది.

ఇక్కడో మినహాయింపు ఉంది. మీ కుళాయి నీళ్లే ఇప్పటికే గట్టివైతే, కేహెచ్ 10 పైన ఉంటే, నాలుగైదు సున్నపు గులకలు కలిసినంత మాత్రాన ఏమీ మారదు. కార్బొనేట్ నిండుగా ఉన్న నీటిలో ఆ రాయి దాదాపు కరగదు. గప్పీలు, మోలీలు, ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్‌లు పెంచేవాళ్లయితే కావాలని పగడపు ముక్కలు వేస్తారు. అదే మెత్తటి నీళ్లలో, ముఖ్యంగా మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ వదిలే తొట్టిలో, ఆ నాలుగైదు రాళ్లే బాగా తేడా చూపిస్తాయి. కాబట్టి ముందు మీ కుళాయి నీటి కేహెచ్ ఎంతో చూసుకోండి. అది తెలియకుండా ఏ రాయి మంచిదో ఎవరూ చెప్పలేరు.

అయస్కాంతం పరీక్ష గురించి కూడా అడుగుతుంటారు. నల్లని బసాల్ట్ గింజలు అయస్కాంతానికి అతుక్కుంటాయి. వాటిలో మాగ్నటైట్ ఉంటుంది, అది చేపలకు హాని చేయదు. అతుక్కుంది కదా అని పారేయక్కర్లేదు. ఏరి పారేయాల్సింది తుప్పు కారేవాటిని, ఇత్తడిలా మెరిసే లోహపు గీతలున్నవాటిని, ఆకుపచ్చ లేదా నీలం చారలున్నవాటిని. ఆ చారలు రాగి ఖనిజం కావచ్చు. రాగి రొయ్యలకూ నత్తలకూ విషం.

సైజు విషయం

1 మి.మీ. కంటే సన్నమైతే ఇసుక. కోరీడోరస్ ముఖ్యం అనుకుంటే నిజానికి ఇసుకే మేలు, 0.5–1 మి.మీ. గ్రేడు. అవి ఇసుకను నోట్లోకి తీసుకుని, తిండి వేరుచేసి, మొప్పల్లోంచి బయటికి వదులుతాయి. గ్రావెల్‌లో ఆ పని చేయలేవు. మరి 1–2 మి.మీ. అని ఎందుకు చెప్పానంటే, మీరు మొక్కలు కూడా నాటుతానన్నారు, సైఫన్ (అడుగు మురికిని నీటితో పాటు బయటికి లాగే గొట్టం) కొత్తగా పట్టేవాళ్లకు ఇసుకతో చిరాకు ఎక్కువ. 1–2 మి.మీ. గుండ్రని గింజల్లో కోరీడోరస్ మూతి దూర్చగలవు, మీసాలు దెబ్బతినవు, వేళ్లు పట్టు దొరకబుచ్చుకుంటాయి, సైఫన్ గొట్టంలో గింజలు పైకి లేచి తిరిగి కిందపడతాయి.

2–4 మి.మీ. మామూలు తొట్టికి అన్నిటికంటే సులువు. టెట్రాలు, గప్పీలు మాత్రమే ఉంటే కళ్లు మూసుకుని ఇదే తీసుకోవచ్చు. అడుగున ప్లేటుతో పనిచేసే అండర్ గ్రావెల్ ఫిల్టర్‌కు 3–5 మి.మీ. కావాలి, మందం 5–7 సెం.మీ. అక్కడ ఇసుక వేస్తే ప్లేటు రంధ్రాల్లోకి జారి ఫిల్టర్ మూసుకుపోతుంది. 6 మి.మీ. దాటితే రాళ్ల సందులు పెద్దవైపోతాయి. తిండి గింజలు వాటిలో పడి, చేప మూతికి అందక, అక్కడే కుళ్లుతాయి. గాజు గోళీలు, పెద్ద గులకరాళ్లు వేసిన తొట్టిలో నైట్రేట్ (కుళ్లిన వ్యర్థాల నుంచి చివరికి మిగిలే లవణం) ఎంత నీరు మార్చినా తగ్గకపోవడానికి తరచూ ఇదే కారణం.

గోల్డ్‌ఫిష్ ఉన్నవాళ్లు వేరే లెక్క చూసుకోవాలి. అవి రాయిని నోట్లో వేసుకుని చప్పరించి ఉమ్ముతాయి. వాటి నోటికి సరిగ్గా పట్టే సైజు గొంతులో ఇరుక్కుంటుంది. వాటికి అయితే సన్నటి ఇసుక, లేదంటే నోరు పట్టనంత పెద్ద గులక.

ముందు ఇసుక, వెనక గ్రావెల్ అని రెండు భాగాలు చేయాలని మీకు అనిపించవచ్చు. చూడటానికి బాగుంటుంది, కొద్ది రోజులే. కోరీడోరస్ తవ్వుడికి రెండూ కలిసి, సన్నవి కిందికి జారి, ముతకవి పైకి తేలతాయి. రెండు పొరలుగా కావాలంటే ఎప్పుడూ సన్నది కింద, ముతకది పైన ఉండాలి. తలకిందులుగా వేస్తే నిలవదు.

ఎన్ని కిలోలు

తొట్టి పొడవు, వెడల్పు, మందం సెం.మీ.లో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. దాన్ని 1.55తో గుణిస్తే కిలోలు. మీకు సగటు మందం 4.5 సెం.మీ. కాబట్టి 60×30×4.5 అంటే 8.1 లీటర్లు, దాదాపు 12.6 కిలోలు. ఇసుక వేస్తే సగటున 3 సెం.మీ. చాలు, 8.5 కిలోలలోపే.

ఈ లెక్క ఇంకోచోట పనికొస్తుంది. 12.6 కిలోల పలుగు తన స్థానంలో దాదాపు 4.8 లీటర్ల నీటిని తొలగిస్తుంది. మీ తొట్టి కొలతల ప్రకారం 65 లీటర్లు. పైన 3 సెం.మీ. ఖాళీ వదిలి, రాయి తీసేస్తే నిజంగా ఉండేది 54, 55 లీటర్లు. చేపలకు మందు వేసేటప్పుడు 65కు లెక్కగట్టి వేస్తే దాదాపు ఐదో వంతు ఎక్కువ పడుతుంది.

కడగడం

ఫిల్టర్ గులక జల్లించినదైనా పొడి ఉంటుంది. బస్తా విప్పేటప్పుడే కొంచెం నీళ్లు చల్లి తడపండి, ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. పలుగు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఒకేసారి మొత్తం బకెట్లో పోసి కడగాలని చూస్తే అడుగుది ఎప్పటికీ కదలదు. 2–3 కిలోలు మాత్రమే, బకెట్‌లో మూడో వంతు లోపు వేసుకోండి. పైపు మూతిని రాళ్ల అడుగుదాకా దూర్చి నీళ్లు వదలండి, ఇంకో చేత్తో బియ్యం కడిగినట్టు పిసుకుతూ తిప్పండి. పాలలాంటి నీళ్లు పొర్లిపోతాయి. వంచేసి మళ్లీ. ఎనిమిది నుంచి పదిహేను సార్లు పడుతుంది. ఎప్పుడు ఆపాలో కంటితో కాదు, గాజు గ్లాసుతో చూడండి: కలిపిన వెంటనే ఆ నీళ్లు గ్లాసులో తీసుకుని దాని వెనక అచ్చు కాగితం పెట్టండి. అక్షరాలు చదవగలిగితే చాలు. అద్దంలా మెరిసేదాకా కడగాల్సిన పని లేదు, మిగిలింది ఫిల్టర్ పట్టేసుకుంటుంది.

సబ్బు, డిటర్జెంట్ ఎంత మాత్రం వద్దు. రాళ్ల సందుల్లో మిగిలితే పోదు.

బయట కుప్పలోంచి తెచ్చినదో, ఎవరో వాడేసిన తొట్టిలోదో అయితే క్రిములు కూడా చంపాలి. మామూలు ఇంటి బ్లీచ్, సువాసన కలపనిది, 1 వంతుకు 20 వంతులు నీళ్లు కలిపి 15–20 నిమిషాలు నానబెట్టండి. మూడు నాలుగుసార్లు కడిగి, యాంటీ క్లోరిన్ మామూలు మోతాదుకు రెండింతలు కలిపిన నీటిలో కాసేపు ఉంచి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. వాసన పోయేదాకా తొట్టిలోకి వద్దు. రాళ్లను పొయ్యి మీద కాల్చడం, గిన్నెలో వేసి ఉడికించడం చేయకండి. లోపల చిక్కుకున్న తేమ ఆవిరై రాయి పేలొచ్చు. మరిగిన నీళ్లు పైన పోసి చల్లారేదాకా వదిలేయడం వేరు, అది ఫరవాలేదు.

వేయకూడనివి, కొన్ని సందేహాలు

రంగు రాళ్లలో రెజిన్ పూత గట్టిగా ఉన్నవి సంవత్సరాలు నిలుస్తాయి, ఉత్త పెయింటు వేసినవి పొరలుగా ఊడతాయి. మీ తొట్టిలో నీలం రాళ్లను తెల్ల టిష్యూతో గట్టిగా రుద్ది చూడండి. టిష్యూకు రంగు అంటితే, లేదా నీలం రేకులు సైఫన్‌లో కనిపిస్తే, మీ నిర్ణయం సరైనదే.

తోటల కోసం అమ్మే నిగనిగలాడే గులకలకు నూనెగానీ మైనంగానీ పూసి ఉంటారు. వేడినీళ్లలో వేస్తే పైన తెట్టు తేలుతుంది. వదిలేయండి. సముద్రపు ఇసుకలో ఉప్పూ గవ్వ పొడీ ఉంటాయి. నల్ల ఇసుక చవకని చెప్పి లోహాలను గీకడానికి వాడే బ్లాస్టింగ్ గ్రిట్ వాడేవాళ్లున్నారు. అది ఫ్యాక్టరీ చిట్టెం, గింజ పదునుగా ఉంటుంది, అందులో రాగి చిట్టెం అన్న రకం కూడా అదే పేరుతో అమ్ముడవుతుంది. బస్తా మీద చూసి తేల్చుకోలేం. నేనైతే దాని జోలికి పోను. నదిలోంచి స్వయంగా తెచ్చుకోవడం చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు, అది కూడా చూసుకోండి.

పలుగు ఇసుక వేస్తే గోధుమరంగు నాచు వస్తుందని బాగా ప్రచారంలో ఉంది. కొత్త తొట్టిలో ఏ రాయి వేసినా మొదటి కొన్ని వారాలు ఆ గోధుమ పొర వస్తుంది, తొట్టి కుదురుకున్నాక తగ్గుతుంది. పలుగు నీటిలో కరిగేది అతి స్వల్పం, నింద దాని మీద వేయడం న్యాయం కాదు.

రంగు మీ ఇష్టం. కాకపోతే తెల్లగా మెరిసే అడుగు మీద నియాన్‌లు బెదిరి రంగు తగ్గించుకుంటాయి. గోధుమ, నలుపు కలిసిన అడుగు మీద వాటి ఎర్ర చార బాగా కనిపిస్తుంది. తెలుపు మీద చిన్న మురికి చుక్క కూడా దాగదు.

పరచడం

పెద్ద రాళ్లు అలంకరణకు పెట్టేట్టయితే వాటిని ముందు గాజు మీద పెట్టి, చుట్టూ గ్రావెల్ పోయండి. గ్రావెల్ మీద పెడితే కోరీడోరస్ కింద తవ్వుతాయి, రాయి ఒరిగి గాజుకు కొడుతుంది. గాజుకూ రాయికీ మధ్య పలచని ప్లాస్టిక్ షీటు ముక్క వేస్తే గీతలు పడవు. గ్రావెల్‌ని బకెట్‌తో ఎత్తునుంచి గుమ్మరించకండి, మగ్గుతో అడుగుకు ఆనించి వదలండి. వెనక్కి వాలుగా సర్ది, మీద ఒక పళ్లెం బోర్లించి, దాని మీద నీళ్లు సన్నగా పోయండి. ఫిల్టర్ అప్పటిదాకా ఆపే ఉంచాలి. ఇసుక రేణువు ఇంపెల్లర్‌లో (ఫిల్టర్ లోపల తిరిగే రెక్కల చక్రం) దూరితే గరగరమని మోత మొదలవుతుంది, ఇరుసు అరుగుతుంది.

నీళ్లు మసకబారితే రెండు రకాలుగా ఆలోచించాలి. వేసిన వెంటనే కనిపించే మసక ధూళి. ఫిల్టర్‌లో సన్నటి దూది పెడితే ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది. మొదట తేరుకుని, మూడో రోజో ఐదో రోజో పాలు కలిసినట్టు తెల్లబడితే అది బ్యాక్టీరియా. గ్రావెల్ మళ్లీ తీసి కడిగితే ఇంకా పొడిగించినట్టే. తిండి తగ్గించి, గాలి పెంచి, అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం) కొలుస్తూ ఉండండి.

మొక్కలు

పలుగులో పోషకం ఏమీ లేదు, నీటిలోని పోషకాన్ని పట్టి ఉంచుకోవడమూ దానికి చేతకాదు. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా లాంటి వేరుమొక్కలకు ఎరువు బిళ్లలు పెట్టాలి. మొక్క మొదలుకు కొంచెం పక్కగా, 10–15 సెం.మీ.కు ఒకటి చొప్పున, గాజు అడుగుదాకా వేలితో నొక్కండి. రెండు మూడు నెలలకోసారి మళ్లీ పెట్టాలి. పైపైన పెడితే కరిగి నీళ్లలో కలిసి నాచుకు మేతవుతుంది. బిళ్ల పెట్టిన చోట సైఫన్ దూర్చకండి. అనూబియాస్, జావా ఫెర్న్ అయితే గ్రావెల్‌తో పనేలేదు. రాయికో కొయ్యకో దారంతో కట్టండి, దుంపను పాతితే కుళ్లిపోతుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి కింద తోట మట్టి 2 సెం.మీ., మీద గ్రావెల్ 3 సెం.మీ. వేసే పద్ధతి ఉంది. మొక్కలు విరగబెరుగుతాయి, ఒప్పుకుంటాను. మీకు మాత్రం చెప్పను. తవ్వే చేపలున్నాయి, తొట్టి ఇప్పటికే నడుస్తోంది. ఒక్క మొక్క పీకితే మట్టి మొత్తం పైకొస్తుంది.

శుభ్రం

వారానికోసారి నీరు 20–30 శాతం మార్చేటప్పుడు అడుగులో మూడో వంతుకు సైఫన్ పట్టండి, వచ్చే వారం పక్క భాగం. గొట్టాన్ని గ్రావెల్‌లోకి దించి, గింజలు గొట్టం సగం ఎత్తు లేవగానే పైపును వేళ్లతో కాస్త నొక్కితే గింజలు దిగుతాయి, మురికి పోతుంది. ఇసుక అయితే గొట్టాన్ని 1–2 సెం.మీ. పైనే తిప్పాలి. ఇసుక 5 సెం.మీ. దాటి మందంగా, కదలకుండా ఉంటే లోపల గాలి ఆడక నల్లమచ్చలు కడతాయి, కెలికితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. దీని గురించి భయం కొంచెం ఎక్కువే వినిపిస్తుంది, వేళ్లు బాగా అల్లుకున్న తొట్టిలో అరుదు. కనిపిస్తే మాత్రం ఒక్కరోజే అంతా కెలకకుండా, నీరు మార్చే రోజున కొంచెం కొంచెంగా వదులు చేయండి. గాజు తుడిచే అయస్కాంతాన్ని అడుగుదాకా తేవద్దు. ఒక్క పలుగు గింజ దానికీ గాజుకూ మధ్య ఇరుక్కుంటే గీత జీవితాంతం ఉంటుంది.

నడుస్తున్న తొట్టిలో మార్చడం

ఇది మీ ఫిల్టర్‌ని బట్టి ఉంటుంది. అండర్ గ్రావెల్ ఫిల్టర్ అయితే ఆ రాళ్లే ఫిల్టర్, అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా అంతా వాటిమీదే. ఒకేసారి తీస్తే రెండు రోజుల్లో అమ్మోనియా ఎగుస్తుంది. వారానికి మూడో వంతు చొప్పున మూడు వారాల్లో మార్చాలి, తీసినవాటిలో కొన్నిటిని పలచటి వలసంచిలో కట్టి నెల రోజులు తొట్టిలోనే వేలాడదీయాలి. కానీ ఆ ప్లేటు మీద 1–2 మి.మీ. వేయొద్దు, 3–5 మి.మీ. తీసుకోండి, లేదా ముందు వేరే ఫిల్టర్ పెట్టి అది నెలన్నర నడిచాక ప్లేటు తీసేయండి.

స్పాంజి ఫిల్టర్‌గానీ, పైన వేలాడే ఫిల్టర్‌గానీ కొన్ని నెలలుగా నడుస్తుంటే ఒకే రోజు మార్చేయొచ్చు. విడతలుగా చేస్తే పెద్ద నీలం రాళ్లూ కొత్త సన్న గింజలూ కలిసిపోయి ఏరుకోలేరు కూడా. ముందురోజు తిండి పెట్టకండి. తొట్టి నీళ్లు సగం ఒక శుభ్రమైన బకెట్లోకి తీసి, చేపలను, ఫిల్టర్ స్పాంజిని అందులో ఉంచి గాలి పంపు పెట్టండి, మీద మూత వేయండి, కోరీడోరస్ ఎగురుతాయి. రాళ్లు కదిపితే పైకొచ్చే నల్లటి నీళ్లన్నీ పారబోయాలి, దాచకూడదు. కొత్త గ్రావెల్ పరిచి, బకెట్లో దాచిన నీళ్లు కొంత, అదే వేడిమి ఉన్న యాంటీ క్లోరిన్ కలిపిన కొత్త నీళ్లు కొంత పోయండి. మసక కాస్త తగ్గాక ఫిల్టర్ నడిపి, చేపలను వదలండి. ఆ వారం ఫిల్టర్ కడగొద్దు, కొత్త చేపలు వేయొద్దు, తిండి సగమే. రోజూ అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే మరో విషం) చూడండి. రెంటిలో ఏది 0.25 పీపీఎం తాకినా ఆ రోజే మూడో వంతు నీళ్లు మార్చండి, వరుసగా ఏడు రోజులు సున్నా చూపించాక మామూలు తిండికి రండి.